కోర్టు కాగితం మీద లాటిన్ మాట



ఎక్కడో ఘోర ప్రమాదం జరుగుతుంది. బస్సు లోయలో పడుతుంది, లేదా బాణసంచా తయారుచేసే చోట పేలుడు సంభవిస్తుంది. పొద్దుగూకేలోగా ప్రభుత్వ ప్రకటన వెలువడుతుంది, మృతుల కుటుంబాలకు ఇంత ఎక్స్‌గ్రేషియా, గాయపడ్డవారికి ఇంత అని. ఆ మాటను మనం నష్టపరిహారానికి మరో పేరుగా వాడేస్తున్నాం. వార్త రాసేవారూ అలాగే అనుకుంటున్నారు, చెక్కు అందుకునే ఇల్లాలూ అలాగే అనుకుంటోంది. చట్టం దృష్టిలో ఆ రెండూ వేరు. ఎక్స్‌గ్రేషియా అంటే లాటిన్‌లో ‘దయతో’ అని అర్థం. ఇవ్వవలసిన బాధ్యత తనమీద ఉందని ఒప్పుకోకుండా, దయతలచి ఇచ్చే డబ్బు అది. నష్టపరిహారం అలా దయ మీద ఆధారపడేది కాదు, హక్కుగా రావలసింది. రోడ్డు మీద వాహనం గుద్ది మనిషి పోతే, 1988 మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి అడిగి తీసుకోవచ్చు. పనిచేసే చోట ప్రాణం పోతే కార్మిక చట్టాల కింద అడగవచ్చు. ఎక్స్‌గ్రేషియా పుచ్చుకున్నంత మాత్రాన మామూలుగా ఆ హక్కు పోదు. కానీ ‘ప్రభుత్వం ఇచ్చేసింది కదా’ అనుకుని ఊరుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఆ ఒక్క మాటకు అర్థం తెలియకపోవడం వల్ల వాళ్లు నష్టపోయారు.

అందుకే ఈ పూట కోర్టుల్లో వినపడే లాటిన్ మాటల గురించి మీతో మాట్లాడుతున్నాను. ఇవి ప్లీడర్ల సొత్తు అని జనం అనుకుంటారు. మా న్యాయవాద వృత్తిలోనూ కొందరు అలాగే అనుకుంటారు. కానీ ఆ మాటలు ఎవరి భూమి గురించి, ఎవరి జీతం గురించి, ఎవరి కొడుకు గురించి రాస్తున్నారో వాళ్లకు వాటి అర్థం తెలియాలి.

అసలు రోములో పుట్టిన భాష మన జిల్లా కోర్టుకు ఎలా వచ్చింది? 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి న్యాయస్థానాల్లో వాదన ఫ్రెంచిలో, రికార్డు లాటిన్‌లో సాగేవి. జనానికి ఒక్క ముక్క అర్థం కావడం లేదని 1362లోనే అక్కడ చట్టం చేశారు, వాదన ఇంగ్లీషులో జరగాలని. రికార్డు మాత్రం లాటిన్‌లోనే ఉండిపోయింది. అది కూడా ఇంగ్లీషులోకి మారింది 1733లో. అప్పటికే లాయర్ల నాలుకకు అలవాటైన మాటలు అలాగే మిగిలిపోయాయి. 1801లో మద్రాసులో సుప్రీంకోర్టు పెట్టినప్పుడు అవి ఓడెక్కి వచ్చాయి. ఇక్కడ అప్పటికే పారశీకం, అరబ్బీల నుంచి వచ్చిన దావా, వకాల్తా, ముద్దాయి, జప్తు ఉన్నాయి. వాటి పక్కన ఎక్స్‌పార్టీ, అఫిడవిట్, కేవియట్ చేరాయి. గుమాస్తాల నోట ఇప్పటికీ అన్నీ కలిసే వస్తాయి.

ఈ మాటలన్నిటిలో బరువైనవి రిట్ల పేర్లు. మన రాజ్యాంగంలోనే, 32వ, 226వ అధికరణాల్లో, అయిదు పేర్లు రాసి ఉన్నాయి. హెబియస్ కార్పస్, మాండమస్, ప్రొహిబిషన్, కో వారంటో, సెర్షియొరారి. రాజ్యాంగానికి ఆత్మ, గుండె అని అంబేడ్కర్ చెప్పింది ఈ 32వ అధికరణం గురించే. ఒకప్పుడు ఇవన్నీ ఇంగ్లండు రాజు తన అధికారులకు పంపే ఆజ్ఞలు. మాండమస్ అంటే ‘ఆజ్ఞాపిస్తున్నాం’. చెయ్యవలసిన పని చెయ్యకుండా కూర్చున్న అధికారిని ‘చెయ్యి’ అనడం. పింఛను ఆపినా, ఇవ్వవలసిన సర్టిఫికెట్ ఇవ్వకపోయినా మనవాళ్లు హైకోర్టులో ఎక్కువగా అడిగేది ఇదే. కో వారంటో అంటే ‘ఏ అధికారంతో?’ అని. ఆ కుర్చీలో ఏ అర్హతతో కూర్చున్నావు అని అడగడం. 2001 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నే తమిళనాడు ముఖ్యమంత్రిగా ఉన్న జయలలిత విషయంలో వేసుకుంది. నేరం రుజువై శిక్ష పడిన కారణంగా ఎన్నికల్లో నిలబడే అర్హత లేని మనిషి, శాసనసభ్యత్వం లేకుండా ఆరు నెలలు పదవిలో ఉండవచ్చన్న వెసులుబాటు అడ్డం పెట్టుకుని ముఖ్యమంత్రి కావడం చెల్లదని చెప్పింది. ఆమె దిగిపోయారు. రాష్ట్రంలో అందరికన్నా పెద్ద పదవిలో ఉన్నవాళ్లను సైతం, ఆ పదవి నీకెలా వచ్చిందని మామూలు పౌరుడు అడగగలిగిన రిట్ అది.

సెర్షియొరారి దగ్గర కాసేపు ఆగాలి. అది పలకడానికే నోరు తిరగదు. ‘మాకు నిశ్చయంగా తెలియజేయండి’ అని దాని భావం. కింది అధికారి ఇచ్చిన ఉత్తర్వు తాలూకు రికార్డు తెప్పించుకుని, అది చట్టవిరుద్ధమైతే కొట్టివేసే రిట్ ఇది. దీనికి సంబంధించి మన ఉత్తర సర్కారుల రైతుల కథ ఒకటి ఉంది. గంజాం జిల్లా పర్లాకిమిడి జమీందారీలో గరబంధో అనే ఊరూ, దానితో పాటు మరికొన్ని ఊళ్లూ. జమీందారు శిస్తు సవరించమని అడిగాడు. 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కింద వ్యవహారం నడిచి, చివరికి మద్రాసు రెవెన్యూ బోర్డు దాకా వెళ్లింది. బోర్డు శిస్తు పెంచింది. రైతులు మద్రాసు హైకోర్టుకు వెళ్లి, బోర్డు ఉత్తర్వును కొట్టివేయమని సెర్షియొరారి అడిగారు. వ్యాజ్యం సముద్రం దాటి లండనులోని ప్రివీ కౌన్సిల్‌కు చేరింది. 1943లో ప్రివీ కౌన్సిల్ ఏమని తేల్చిందో వినండి. మద్రాసు హైకోర్టుకు ఈ రిట్ అధికారం పాత సుప్రీంకోర్టు నుంచి వారసత్వంగా వచ్చింది, ఆ అధికారం మద్రాసు పట్నం హద్దుల్లోని వాళ్లకే గాని గంజాం రైతులకు వర్తించదు అని. రెవెన్యూ బోర్డు కచేరీ మద్రాసు పట్నంలోనే ఉంది కదా అని రైతుల తరఫున వాదించారు. కచేరీ ఎక్కడుందన్నది ముఖ్యం కాదు, తగాదా ఎక్కడిది, పార్టీలు ఎక్కడివారన్నదే ముఖ్యం అన్నారు. అంటే ఉత్తర్వు న్యాయమైనదో కాదో చూడకుండానే రైతులు ఓడిపోయారు. పట్నవాసికి ఉన్న రక్షణ పల్లెటూరి రైతుకు లేదని పైకోర్టు అధికారికంగా చెప్పింది.

ఏడేళ్లు తిరక్కుండానే రాజ్యాంగం వచ్చింది. 226వ అధికరణం ప్రతి హైకోర్టుకూ తన పరిధిలోని ప్రాంతమంతటా రిట్ జారీ చేసే అధికారం ఇచ్చింది. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది, కోకా సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తిగా. 1956లో అది హైదరాబాదు చేరింది. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకు రెండు హైకోర్టులు. ఈనాడు శ్రీకాకుళం జిల్లా మారుమూల పల్లె రైతు, తన భూమి మీద తహసీల్దారు ఇచ్చిన ఉత్తర్వును రద్దు చెయ్యమని అమరావతిలో రిట్ వేస్తే, నీది పట్నం కాదు పొమ్మనే అధికారం ఎవరికీ లేదు. గరబంధో రైతులు అడిగితే దక్కనిది ఇది. మన పాఠ్యపుస్తకాల్లో ఆ ఊరి పేరు ఉండవలసింది.

ఇక హెబియస్ కార్పస్. మాటకు మాట చెబితే, ‘మనిషి దేహాన్ని తీసుకురా’ అని. ఎవరినైనా నిర్బంధించిన వాడికి కోర్టు ఇచ్చే ఆజ్ఞ ఇది. అతన్ని మా ముందు నిలబెట్టు, ఏ చట్టం కింద పట్టుకున్నావో చెప్పు, చెప్పలేకపోతే వదిలిపెట్టు. 1679లో ఇంగ్లండు పార్లమెంటు దీనికోసం చట్టం చేసి, మనిషిని హాజరుపరచని జైలరుకు జరిమానా పెట్టింది. మన దేశంలో అరెస్టు చేసిన వ్యక్తిని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని 22వ అధికరణం చెబుతోంది. అలా జరగనప్పుడు భార్య గాని, తండ్రి గాని, స్నేహితుడు గాని హైకోర్టుకు వెళ్లవచ్చు. నిర్బంధంలో ఉన్నవాడే వచ్చి సంతకం పెట్టనక్కరలేదు. తీహార్ జైలు నుంచి సునీల్ బాత్రా అనే ఖైదీ, పక్కనున్న మరో ఖైదీని హింసిస్తున్నారని సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరాన్నే హెబియస్ కార్పస్ పిటిషనుగా తీసుకున్నారు.

అయితే రిట్ ఎంత గొప్పదైనా, దాన్ని జారీ చేసే న్యాయమూర్తికి నిబ్బరం లేకపోతే అది ఉత్త కాగితమే. ఎమర్జెన్సీలో, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద వేలమందిని జైల్లో పెట్టారు. హెబియస్ కార్పస్ పిటిషన్లు వినవచ్చని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఆ తొమ్మిదింటినీ కాదంది. జబల్‌పూర్ కేసుగా పేరుపడ్డ ఆ తీర్పులో నలుగురు న్యాయమూర్తులు, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం నిర్బంధాన్ని ప్రశ్నిస్తూ ఎవరూ కోర్టుకు రాకూడదన్నారు. ఒక్క హెచ్.ఆర్. ఖన్నా మాత్రమే ఒప్పుకోలేదు. పోలీసు ఒకడు కక్షతో మనిషిని చంపితే అప్పుడూ దిక్కు లేదా అని ఆయన వాదనల్లో అడిగారు. నా వాదన ప్రకారం లేదనే చెప్పాలని అటార్నీ జనరల్ బదులిచ్చారు. అది విన్నాక కూడా నలుగురు అటే నిలబడ్డారు. మరుసటి జనవరిలో, ప్రధాన న్యాయమూర్తి పదవి ఖన్నాకు రావలసి ఉండగా ఆయన తర్వాతివారికి ఇచ్చారు. ఆయన రాజీనామా చేశారు.

హెబియస్ కార్పస్ అనే మాట మళ్లీ ప్రాణం పోసుకున్నది కేరళలో. కాలికట్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి రాజన్‌ను 1976 మార్చి 1న పోలీసులు పట్టుకుపోయారు. తండ్రి ఈచర వారియర్ ఏడాదిపాటు ప్రతి గడపా ఎక్కారు. ఎమర్జెన్సీ ఎత్తివేసిన వెంటనే కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. అసలు మేము పట్టుకోనేలేదన్న ప్రభుత్వ వాదనను కోర్టు నమ్మలేదు. కుర్రవాణ్ణి తీసుకురమ్మంది. తీసుకురాలేకపోయారు, అతను అప్పటికే పోలీసు క్యాంపులో చనిపోయాడు. 1977 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి కరుణాకరన్ రాజీనామా చేయవలసి వచ్చింది. తండ్రికి కొడుకు దేహం కూడా దక్కలేదు. ‘దేహాన్ని తీసుకురా’ అనే ఆజ్ఞకు ఇంతకన్నా బాధాకరమైన జవాబు మన న్యాయచరిత్రలో నాకు తెలియదు. అయినా ఆ రిట్ లేకపోతే, రాజన్ ఏమయ్యాడన్న నిజం ఆ కాస్త కూడా బయటికి వచ్చేది కాదు.

1978 నాటి 44వ సవరణతో, ఎమర్జెన్సీలో సైతం జీవించే హక్కు కోసం కోర్టుకు వెళ్లే దారి మూసివేయరాదని రాజ్యాంగంలోనే రాశారు. జబల్‌పూర్ తీర్పు తప్పని సుప్రీంకోర్టు నోరారా చెప్పడానికి 2017 దాకా పట్టింది. గోప్యత హక్కు మీద నడిచిన పుట్టస్వామి కేసులో ఆ మాట రాసిన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, నాటి నలుగురిలో ఒకరైన వై.వి. చంద్రచూడ్ కుమారుడు. ఆ తండ్రి గురించీ ఒకటి చెప్పకపోతే అన్యాయం. బీహారులో రుదుల్ షా అనే అతను 1968లో నిర్దోషిగా విడుదల కావలసి ఉండి, మరో 14 ఏళ్లు జైల్లోనే మగ్గాడు. అతని హెబియస్ కార్పస్ పిటిషను మీద 1983లో సీనియర్ చంద్రచూడ్, అప్పటికి ప్రధాన న్యాయమూర్తి, విడుదల ఒక్కటే సరిపోదని, ప్రభుత్వం 30,000 రూపాయలు తాత్కాలిక పరిహారంగా ఇవ్వాలని ఆజ్ఞాపించారు. మొత్తం చిన్నదే. కానీ మనిషి స్వేచ్ఛను హరించినందుకు రిట్ పిటిషనులోనే ప్రభుత్వం చేత డబ్బు కట్టించవచ్చన్న దారి అక్కడ పడింది.

ఇవి పెద్ద కోర్టుల మాటలు. మీ ఇంటికి అమీనా తెచ్చే కాగితంలో కనపడేవి వేరే ఉన్నాయి. ఎక్స్‌పార్టీ అంటే ‘ఒక పక్షం నుంచి’. సమన్లు అందినా మీరు హాజరు కాకపోతే, మీరు లేకుండానే విని ఇచ్చే డిక్రీ ఎక్స్‌పార్టీ డిక్రీ. అంతటితో అంతా అయిపోయిందని చేతులెత్తేయకండి. సరైన కారణం చూపించి, డిక్రీ అయిన 30 రోజుల్లోగా దాన్ని రద్దు చెయ్యమని అడగవచ్చు. సమన్లు సక్రమంగా అందకపోతే ఆ 30 రోజులు మీకు తెలిసిన నాటి నుంచి లెక్క. కేవియట్ అంటే ‘జాగ్రత్త పడుగాక’. నా మీద ఎవరో దావా వేసి, నాకు తెలియకుండా ఇంజక్షన్ తెచ్చుకుంటారని అనుమానం ఉంటే, ముందే కోర్టులో కేవియట్ వేసుకోవాలి. అప్పుడు మీకు నోటీసు ఇవ్వకుండా ఉత్తర్వు ఇవ్వరు. అది 90 రోజులే పనిచేస్తుంది, తర్వాత మళ్లీ వేసుకోవాలి. స్టేటస్ కో అంటే ‘ఉన్నది ఉన్నట్టు’. ఆ ఆర్డరు చేతిలో ఉంది కదా అని గోడ కట్టకూడదు, ఎదుటివాడు కట్టిన గోడ కూల్చకూడదు. ఇద్దరికీ అదే కట్టుబాటు.

భూములు, ప్లాట్లు కొనేవారు మరొకటి గుర్తు పెట్టుకోవాలి. లిస్ పెండెన్స్, అంటే ‘నడుస్తున్న దావా’. కోర్టులో తగాదా ఉన్న ఆస్తిని కొంటే, ఆ దావాలో వచ్చే తీర్పు కొన్నవాడికీ వర్తిస్తుంది. 1882 ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ఇదే. నాకు తెలియదండీ, ఈసీ తీయించి చూశాను, శుభ్రంగా ఉంది అంటే చెల్లదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు కనపడతాయి, నడుస్తున్న దావా కనపడకపోవచ్చు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో అమ్మేవారి పేరు మీద కేసులు వెతకవచ్చు. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ పని చేయండి.

సబ్ జ్యుడిస్ అనే మాట నాయకుల నోట తరచు వింటాం. విషయం కోర్టు ముందుంది కాబట్టి మాట్లాడను అని తప్పుకుంటారు. విచారణకు అడ్డుపడేలా మాట్లాడకూడదన్నది నిజమే. కానీ కోర్టులో జరిగినది జరిగినట్టు నిష్పక్షపాతంగా చెప్పడం నేరం కాదని 1971 కోర్టు ధిక్కార చట్టమే చెబుతోంది. ప్రజలకు సంజాయిషీ చెప్పవలసిన వాళ్లకు ఈ మాట మరుగు కాకూడదు. పత్రికల్లో కనపడే సుమోటో అసలు సువో మోటు, ఎవరూ పిటిషను వేయకుండా ‘తనంతట తానుగా’ కోర్టు కేసు చేపట్టడం. అమికస్ క్యూరీ అంటే కోర్టుకు సాయంగా నిలిచే లాయరు. అలిబై అంటే ‘వేరే చోట’, నేరం జరిగిన వేళ నేనక్కడ లేనన్న వాదన. దాన్ని రుజువు చేసే భారం ఆ మాట అన్నవాడిదే.

పొడి అక్షరాలు చిన్నవిగా కనపడతాయి గాని, ఒప్పందాల్లో అవే కొంప ముంచుతాయి. ఐ.ఇ. అంటే ‘అనగా’. ఇ.జి. అంటే ‘ఉదాహరణకు’. యంత్రం అమ్మే కంపెనీ వారంటీలో ‘విడిభాగాలు, ఐ.ఇ. మోటారు, బెల్టు’ అని రాస్తే ఆ రెండింటికే పూచీ అని వాదిస్తారు. ఇ.జి. అని రాస్తే అవి మచ్చుకు చెప్పినవే, మిగతావీ కలుస్తాయని మీరు వాదించవచ్చు. విజ్. అంటే ‘ఏవేవనగా’. కేసుల పేర్ల మధ్య వచ్చే వి. అనేది వర్సెస్, ‘ప్రతిగా’. న్యాయశాస్త్ర పట్టా ఎల్.ఎల్.బి.లో ఎల్ రెండుసార్లు ఎందుకొస్తుందని పిల్లలు అడుగుతుంటారు. లాటిన్ పొడి అక్షరాల్లో బహువచనానికి అక్షరాన్ని రెట్టిస్తారు. ‘చట్టాలలో పట్టభద్రుడు’ అని దాని అర్థం.

మనకు ఈ మాటలు ఇచ్చిన ఇంగ్లండు తాను వాటిలో చాలావాటిని వదిలేసింది. 1999లో వచ్చిన కొత్త సివిల్ ప్రొసీజర్ నియమాల్లో ఎక్స్‌పార్టీని తీసేసి ‘నోటీసు లేకుండా’ అని మామూలు ఇంగ్లీషులో రాసుకున్నారు. 2004లో సెర్షియొరారిని ‘రద్దు ఉత్తర్వు’గా, మాండమస్‌ను ‘తప్పనిసరి ఉత్తర్వు’గా మార్చుకున్నారు. హెబియస్ కార్పస్ పేరు మాత్రం ముట్టుకోలేదు. మనం కూడా రిట్ల పేర్లు ఉంచుకోవచ్చు, అవి రాజ్యాంగంలో ఉన్నవి, వాటి వెనక పోరాటాలు ఉన్నాయి. మిగతావి కక్షిదారుకు ఇచ్చే కాగితంలో తెలుగులో రాయడానికి అడ్డేముంది? హైకోర్టులో వ్యవహారం ఇంగ్లీషులో సాగాలని 348వ అధికరణం అంటోంది. అయినా 2023లో తెలంగాణ హైకోర్టు ఒక భూమి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చింది. కింది కోర్టుల్లో తెలుగుకు ఆ ఆటంకం కూడా లేదు. చెయ్యాలనుకున్న వాళ్లు చెయ్యగలరు.

నా తోటి న్యాయవాదులను ఒకటి కోరుతున్నాను. వకాల్తా మీద సంతకం తీసుకున్న రోజునే, కేసులో వచ్చే ఇలాంటి ప్రతి మాటకూ అర్థం కక్షిదారుకు తెలుగులో చెప్పండి. శ్రోతలను మరొకటి కోరుతున్నాను. మీ చేతికొచ్చిన ఉత్తర్వులో ఏమి రాసుందో, దానివల్ల మీరు ఏం చెయ్యవచ్చో, ఏం చెయ్యకూడదో, ఎన్ని రోజుల్లోగా ఏం చెయ్యాలో మీ ప్లీడరును అడగండి. అడగడం మీ హక్కు. ప్లీడరును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.